దొర శాపం, దుబాసీ నాలుక

వేలాపురి రాజ్యానికి పట్టిన గతి పగవాడికి కూడా పట్టకూడదు. రాజు జలధివర్మ సింహాసనం మీదే ఉంటాడు, కానీ పాలించడు. మంత్రి బృహదుదరుడు నోరు తెరిచే ఉంటాడు, కానీ పలకడు. సేనాపతి మీసం మీద చెయ్యి వేసే ఉంటాడు, కానీ మెలెయ్యడు. నిండు కొలువులో నూటపదిమంది కొయ్యబొమ్మల్లా కూర్చుని ఉంటారు. ఊపిరి ఆడుతుంది, కంటిపాపలు కదులుతాయి, అంతే. ఎవరైనా దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో "ఈట్" అంటే తింటారు. "డ్రింక్" అంటే తాగుతారు. "స్లీప్" అంటే కూర్చున్నచోటే గురక పెడతారు. మళ్లీ "స్టాప్" అనేదాకా ఆపరు. తెలుగులో ఎంత గొంతు చించుకున్నా వాళ్ల చెవికి అది గాలి హోరే.

శాపం తగిలిన మొదటి రోజున ఆస్థాన దుబాసీ కొండలయ్య మంత్రిగారి దగ్గరికి వెళ్లి "ఈట్" అన్నాడు. దుబాసీ అంటే రెండు భాషల మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేవాడు. పాపం, అతను "స్టాప్" అనేలోపే భటులు రెక్కలు విరిచికట్టి చెరసాలకు ఈడ్చుకుపోయారు. మంత్రిగారు ఇరవై లడ్లూ తిన్నారు. లడ్లున్న విస్తరి తిన్నారు. విస్తరి పక్కనున్న తాటాకు విసనకర్ర సగం తిన్నారు. ఉదరం పేరులో ఉంటే సరిపోదు కదా, విసనకర్ర అరగాలంటే చాలా గాలి కావాలి. కొండలయ్య కూతురు నాంచారి పరుగున వచ్చి "స్టాప్" అనకపోతే మంత్రిగారు కూర్చున్న పీటకు కూడా దిక్కుండేది కాదు.

ఈ శాపం పెట్టింది గ్రిఫిన్ దొర. పడమటి సముద్రాల నుంచి ఓడలో వచ్చిన మంత్రగాడు. ఆయన పేరు నోరు తిరగక ఊరి జనం 'గిరిపిన్ని దొర' అనేవారు. ఎర్రటి మొహం, పసుపు గడ్డం, నడుముకు కొరడా ఉన్న ఆ మనిషిలో పిన్నితనం ఏమీ ఉండేది కాదు. రేవు పక్కనున్న దిబ్బ మీద దీపస్తంభం కట్టుకుంటానని మూడు నెలల కిందట ఆయన రాజును అడిగాడు. తర్వాత రాత్రికి రాత్రి కాకుండా పట్టపగలే, అందరూ చూస్తుండగానే, సామానంతా దింపి స్తంభం కట్టేశాడు. కట్టిన మర్నాడు రాజు సైన్యాన్ని పంపి దాన్ని తగలబెట్టించాడు. దొర కనుబొమలు కాలిన మొహంతో సభలోకి వచ్చి, కూర్చున్నవాళ్లందరినీ వేలితో చుట్టి చూపించి శపించాడు.

"మీరు గివ్ అన్నారు, ఇవ్వలేదు. ప్రామిస్ అన్నారు, నిలబెట్టలేదు. పని చెయ్యకుండా పనిమాటలు వాడారు. ఇకమీదట నా భాషలో పనిమాట చెబితే తప్ప మీ ఒంట్లో ఏ పనీ జరగదు."

వేలాపురి కొలువులో దుబాసీకి ఆసనం ఉండదు. నిలబడి మాట్లాడాలి. ఆ రోజు నిలబడ్డవాళ్లు బతికిపోయారు. ఒక కవిగారు కూర్చోబోతూ మధ్యలో ఉన్నందుకు నడుము కింద భాగం మాత్రమే బిగుసుకుపోయింది. పైభాగం పద్యాలు చదువుతూనే ఉంది. సభకు అది రెండో శాపం.

రాజమాత మంగమాంబ అంతఃపురంలో ఉండటంవల్ల ఆమెకు ఏమీ కాలేదు. ఆమె ఎప్పుడూ మెత్తని మనిషి కాదు. కొడుకు బొమ్మయ్యాక ఇనుపముక్కైంది. రాజు మాటను దొరకు చెప్పింది కొండలయ్యే కాబట్టి తప్పు అతని నాలుకదే అని ఆమె తేల్చేసింది. తొమ్మిదో రోజు పొద్దు గూకేలోగా శాపం తీరకపోతే అతని మెడకు తిరగలిరాయి కట్టి రేవులో తోయించేస్తానని చెప్పింది. నాంచారి కాళ్లమీద పడితే కాలు వెనక్కి తీసుకుంది.

"నీ తండ్రికి రెండు భాషలొచ్చు. ఒక్కదానితోనైనా నిజం చెప్పలేదు. నువ్వు కూడా ఆ గింజకు మొలిచినదానివే. పోయి ఆ దొరను తీసుకురా. రాకపోతే నీకు తండ్రి లేడు, అంతే."

వెళ్లేముందు నాంచారి రాజమాతకు ఆపే మాటతో కలిపి నాలుగు పనిమాటలు నేర్పింది. లేకపోతే తొమ్మిది రోజుల్లో సభంతా ఆకలితో పోతుంది. రాజమాత ఆ నాలుగు మాటలనూ నాలుగు చేదు మాత్రల్లా నోట్లో వేసుకుని, నేర్పినందుకు ఒక్క మంచిమాట కూడా అనకుండా పంపేసింది.

చెరసాలలో కొండలయ్య కటకటాలు పట్టుకుని కూతురికి అసలు సంగతి చెప్పాడు. అది చెప్పడానికి అతనికి గుక్కెడు నీళ్లు కావలసి వచ్చింది. ఆ రోజు రాజు అన్న మాటలు ఇవీ: "ఆ ఉడకబెట్టిన రొయ్య మొహంవాడితో చెప్పు. ఆ దిబ్బ మీద కాలు పెడితే ఆ దిబ్బలోనే పాతేస్తాను. పొద్దు గూకేలోగా ఆ చెక్కపెట్టె ఎక్కి పొమ్మను." కొండలయ్య దొరకు చెప్పింది మాత్రం ఇలా ఉంది: తమరి మొహం చూడగానే మహారాజుగారికి సముద్రపు సంపద గుర్తుకొచ్చింది. దిబ్బ తమరికే ఇస్తున్నారు, ఇది వారి మాట. తమరు అక్కడే స్థిరంగా పాదుకోవాలని వారి కోరిక. పొద్దు గూకేలోగా సామాను దింపుకుని ఉండిపోండి.

"ఎందుకలా చెప్పావు నాన్నా?" అని నాంచారి అడిగింది.

"మా తాత అలాగే చెప్పేవాడు. మా నాన్నా అలాగే చెప్పాడు. దుబాసీ వృత్తంటే అదే తల్లీ. తిట్టు నా నోట్లోంచి వెళ్తే కొట్టు నా చెంపమీదే కదా పడేది? అందుకని ప్రతి మాటకీ కాస్త తేనె పూస్తాం. రాజు ఎలాగూ మరిచిపోతాడు, దొర ఎలాగూ వెళ్లిపోతాడు అనుకున్నాను. ఈసారి ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు." అతను గొంతు తగ్గించి, "దొరతో ఏమైనా చెప్పు. రాజుకు పిచ్చెక్కిందని చెప్పు. నేను చేసింది మాత్రం చెప్పకు. అది తెలిస్తే ఇక్కడ రాయి, అక్కడ కొరడా. రెంటికీ ఉన్న మెడ ఒకటే" అన్నాడు.

దొర వెళ్లి దాక్కున్నది మొగలిదీవిలో. దొర దొరకాలంటే ముందు మడ అడవి దాటాలి. వేళ్లు నీళ్లలోంచి ఈటెల్లా పైకి పొడుచుకువచ్చే అడవి అది. కాలు ఎక్కడ పెట్టినా బురద లాగుతుంది, చేయి ఎక్కడ పెట్టినా ముల్లు గుచ్చుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి నాంచారి పాదాల నుంచి రక్తం కారుతోంది. అప్పుడు ఎదుట ఉన్న బురద లేచి నిలబడింది. అది ఊబమ్మ అనే రాక్షసి. ఊబిలో పుట్టి ఊబిలో పెరిగిన ఊబకాయం. ఆమె వెనక మడచెట్టు కొమ్మలకు ఏడు తలపాగాలు వేలాడుతున్నాయి.

అవి తనకు సరైన జవాబు చెప్పలేక బురదలోకి పోయిన పండితులవని ఊబమ్మ గొప్పగా చెప్పుకుంది. గిరిపిన్ని దొర ఈ దారిన పోతూ తనను కాపలా పెట్టి మూడు పనిమాటలు తాళంగా ఇచ్చాడట.

"లుక్, సీ, వాచ్. ఈ మూడింటికీ తేడా చెప్పవే బక్కపిల్లా. ఆ ఏడుగురూ చూడు, చూడు, చూడు అన్నారు. నేను వాళ్లని చూసుకున్నాను. నువ్వు కూడా అదే అంటే నీ జడ కూడా ఆ కొమ్మకే."

కొండలయ్య కూతురికి ఎప్పుడూ పనిమాటకు అర్థం నోటితో చెప్పలేదు. ఆ పని చేయించి నేర్పాడు. అందుకే నాంచారి నోటితో జవాబు చెప్పకుండా అటు పక్కనున్న వేళ్ల గుంపును చూపించి "లుక్" అంది. ఊబమ్మ కొండంత తల తిప్పింది. ఏం కనిపించిందని అడిగితే, బురద తప్ప ఏమీ లేదని విసుక్కుంది.

"కన్ను అటు తిప్పావు, అది లుక్. కానీ ఆ వేరు కింద ఎర్రపీత ఉంది. అది నీ కంటికి ఆనలేదు. ఆనితే అది సీ. తిప్పడం నీ పని, ఆనడం కంటి పని."

ఊబమ్మ కళ్లు చికిలించి వెతికింది. చాలాసేపటికి పీత ఆనింది. ఆనగానే ఆమె మొహం, ఒప్పుకోవడం ఇష్టంలేని మొహం, కాస్త వదులైంది. మరి వాచ్ సంగతేమిటని గద్దించింది.

"ఆ పీత ఎటు పోతే అటు కన్ను పోవాలి. అది ఆగితే ఆగాలి. ఏం చేస్తుందో అని కనిపెట్టుకుని ఉండాలి. రెప్ప వేస్తే ఓడిపోయినట్టే."

ఊబమ్మకు ఓడిపోవడం అసలు ఇష్టం ఉండదు. కళ్లు పీతకు అంటించేసింది. పీత రెండడుగులు పక్కకు నడిచింది, ఒక డెక్క ఎత్తింది, తరువాత తన బొరియలోకి దూరిపోయింది. అది మళ్లీ బయటికి వచ్చేదాకా వాచ్ పూర్తి కాదు కదా. ఊబమ్మ బొరియ ముందు బోర్లా పడుకుని, ఊపిరి బిగపట్టి కాచుకుంది. నాంచారి ఆమె వీపు మీదుగానే నడిచి అవతలి గట్టుకు చేరింది. అంత మెత్తని దారి ఆ అడవిలో ఇంకెక్కడా లేదు.

గట్టు దాటితే ఉప్పుటేరు. ఏటి ఒడ్డున ఒక ముని, ముని పక్కన ఒక తెప్ప. చుట్టుపక్కల ఇంకో తెప్ప లేదు. ఆయన పేరు శాంతానంద ముని. పేరు పెట్టినవాళ్లు ఆయనను చూడకుండా పెట్టి ఉంటారు. నాంచారి నమస్కరించి నోరు తెరవగానే ఆయన కమండలం ఎత్తాడు. తెప్ప గురించి అడిగితే భస్మం చేస్తానని, ఇప్పటికే ఇద్దరిని చేశానని, కావాలంటే బూడిద చూపిస్తానని అన్నాడు. అంత కోపం ఎందుకో కూడా తిడుతూనే చెప్పాడు. పోయిన ఏడాది దొర వచ్చి, ముని కూర్చునే దుప్పి చర్మం చూపించి "లెండ్" అన్నాడట. ముని దాన్ని దానం అడుగుతున్నాడని అనుకుని ఇచ్చేశాడట. అప్పటినుంచి రాతి మీద కూర్చోవలసి రావడంతో తపస్సు తొడలదాకా వచ్చి ఆగిపోయిందట.

"స్వామీ, అది దానం కాదు. గివ్ అంటే చేయి వదిలెయ్యడం. లెండ్ అంటే చేయి వదిలినా కన్ను వదలకపోవడం. దొర మీకు బాకీ ఉన్నాడు. తెప్ప నాకు గివ్ చేయకండి, లెండ్ చేయండి. మీ చర్మం కూడా అడిగి తెస్తాను."

"తేకపోతే?" అన్నాడు ముని. "అందరూ తెస్తామనే పోతారు. పడవ ఎక్కాక ముని ఎవడో, మునిగేదెవడో."

నాంచారి తన తండ్రి సంగతి చెప్పింది. తొమ్మిదో రోజుకు తిరిగి రాకపోతే రేవులో రాయి కట్టి తోసేస్తారు. తిరిగిరావడానికి తనకున్నంత అవసరం ఈ లోకంలో ఎవరికీ లేదు. అంతకన్నా గట్టి హామీ తన దగ్గర లేదు. ముని ఆమె పాదాల రక్తం వంక చూసి, తెప్పను కాలితో నీళ్లలోకి నెట్టాడు. దీవించలేదు. తెప్ప పగిలితే మాత్రం శపిస్తానని వెనకనుంచి అరిచాడు.

నాలుగో రోజు ఉదయం ఆమె మొగలిదీవి చేరింది. ఓడ చెక్కలతో కట్టిన కోట, కోటకు ఒకటే గుమ్మం, గుమ్మంలో ఒక కుక్క. ఏనుగు గున్న అంత ఉంది. నాంచారిని చూడగానే లేచి పళ్లు బయటపెట్టింది. ఆ పళ్లలో ఎవరిదో చెప్పు ఇరుక్కుని ఉంది. అది ఇంగ్లీషు కుక్క కాబట్టి ఇంగ్లీషే వినాలి అనుకుని ఆమె "సిట్" అంది. కూర్చుంది, గుమ్మం నిండా. "గో" అంది. లేచి, ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇంకాస్త దగ్గరికి వచ్చి నిలబడింది. పొమ్మంటే ఎక్కడికి పోవాలో చెప్పాలి కదా. అప్పుడు నాంచారి చేతిలో ఉన్న తెడ్డును సముద్రంలోకి విసిరి "ఫెచ్" అంది.

కుక్క బాణంలా దూసుకుపోయింది. నాంచారి రెండడుగులు వేసేసరికి తిరిగొచ్చేసింది. ఫెచ్ అంటే పోవడం ఒక్కటే కాదు, పోయి తేవడం. ఆ సగం అర్థం ఆమె తొందరలో మరిచిపోయింది. కుక్క ఆమె పాదాల దగ్గర తెడ్డు పెట్టి, ఒళ్లు విదిలించి ఆమెను నిలువునా తడిపి, తరువాత ఏమిటన్నట్టు మళ్లీ గుర్రుమంది. ఆమె ఇంకోసారి విసిరింది. ఈసారి కుక్క నీళ్లలో తెడ్డు అందుకోబోతుండగా "స్టే" అని అరిచింది. ఉన్నచోటే ఉండిపొమ్మని. కుక్క అలల్లో మెడదాకా మునిగి, తెడ్డుకు జానెడు దూరంలో, కదలకుండా నిలబడిపోయింది. దాని చూపులో ఉన్న కసికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు.

గ్రిఫిన్ దొర లోపల కాలిన కోటు తొడుక్కుని, ముని దుప్పి చర్మం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. మనం తెలుగులో విందాం.

"ఆ ముక్కు నాకు తెలుసు. అబద్ధాల దుబాసీ ముక్కు. ఎందుకొచ్చావు?"

నాంచారి రోజూ వింటూ పెరిగిన పద్ధతిలోనే మొదలుపెట్టింది. తమ రాజుకు దొరగారంటే ఎనలేని గౌరవమని, ఏదో పొరపాటు జరిగిందని, ఆయన మనసు వెన్న అని. దొర మధ్యలోనే లేచాడు. లేవడంలో కొరడా చేతికొచ్చింది.

"మళ్లీ అదే తేనె. మీ నాన్న గొంతులో కూడా ఇదే జిగురు. ఇంకొక్క తీపిమాట అంటే నిన్ను కూడా బొమ్మను చేసి గుమ్మంలో పెడతాను. నా కుక్కకు తోడుగా ఉంటావు."

నిజం చెప్పకపోతే శాపం తీరదు, తీరకపోతే నాన్న లేడు. నిజం చెబితే నాన్న చేసిన పని బయటపడుతుంది, అప్పుడు కూడా నాన్న లేడు. రెండు దారులూ రేవులోకే పోతున్నాయి. కానీ ఒక దారిలో నూటపదిమంది బొమ్మలుగానే మిగిలిపోతారు. ఆమె కళ్లు మూసుకుని రాజు మాటలను ఉన్నవి ఉన్నట్టు ఇంగ్లీషులో పెట్టింది. ఉడకబెట్టిన రొయ్యను రొయ్యగానే ఉంచింది. నాన్న 'సెటిల్' అన్నచోట 'బరీ' అంది. పాతిపెట్టడం. 'స్టే' అన్నచోట 'లీవ్' అంది. పొమ్మనడం.

దొర మొహం నిజంగానే ఉడికిన రొయ్యలా అయింది. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది. మూడోసారి చెప్పమన్నాడు. చెప్పింది, ఒక్క మాటా మార్చలేదు.

"అయితే ఆ రాజు గివ్ అన్న మాటే అనలేదు."

"అనలేదు."

"ప్రామిస్?"

"లేదు దొరగారూ. పాతేస్తానని మాత్రం మాటిచ్చాడు."

దొర కొరడాను మళ్లీ నడుముకు తగిలించుకున్నాడు. ఇన్ని రోజులుగా మాట తప్పినవాడని ఒక మనిషిని ద్వేషించాడు. తీరా చూస్తే ఆ మనిషి మొదటి రోజే మొహం మీద పొమ్మన్నాడు. మాట ఇవ్వనివాళ్లమీద మాట తప్పిన శాపం నిలబడదు, అది లేచిపోవలసిందేనని దొర చెప్పాడు. నాంచారి గుండె తేలికపడేలోపే ఇంకో సంగతి కూడా చెప్పాడు. లేచిన శాపం గాల్లో ఉండదు. అబద్ధం ఆడిన నాలుకను వెతుక్కుంటూ పోతుంది.

ఆ శాపం తనమీద పెట్టమని ఆమె బతిమాలింది. దొర ముక్కుతో నవ్వాడు. అబద్ధం ఆడనివాళ్లమీద అది నిలవదని, అందుకే కదా రాజును వదులుతోందని అన్నాడు. అది కొండలయ్యను బొమ్మను చెయ్యదు, కానీ ఇంగ్లీషు పనిమాట ఏది చెవిన పడ్డా చేసి తీరాలి. ఆపమని అదే భాషలో అనేదాకా చేస్తూనే ఉండాలి.

"పద. ఓడ ఎక్కు. ఆ రాజు నన్ను ఏమన్నాడో ఆయన నోటితోనే వింటాను. మధ్యలో ఒక్క బొట్టు తేనె కలిపావో, చూడు."

దారిలో తెప్పనూ దుప్పి చర్మాన్నీ మునికి అప్పగించారు. ఆయన చర్మం మాసిపోయిందని తిట్టాడు.

ఎదురుగాలికి నెమ్మదించిన ఓడ తొమ్మిదో రోజు సాయంత్రం వేలాపురి రేవు చేరేసరికి కొండలయ్య మెడకు తిరగలిరాయి కట్టేసి ఉంది. రాజమాత పల్లకీ దిగి నిలబడి ఉంది. దొర ఓడ మీద నుంచే చేయి ఎత్తి శాపం విప్పాడు. కోటలో ఒక్కసారిగా నూటపది గొంతులు లేచాయి. కాసేపటికి జలధివర్మ కిరీటం వంకరగా పెట్టుకుని రేవుకు పరుగెత్తుకొచ్చాడు. వెనకాల మంత్రి పొట్ట పట్టుకుని, సేనాపతి ఎట్టకేలకు మీసం మెలేస్తూ.

రాజు దొరను చూడగానే తిట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిది రోజుల తిట్లు నిలవ ఉన్నాయి కదా. నాంచారి ఒక్కొక్కదాన్నీ అటు దించింది. దొర కూడా తక్కువ తినలేదు. ఆయన ఓడ నిండా తిట్లే తెచ్చినట్టున్నాడు. ఆమె వాటినీ ఇటు దించింది. రాజును దొర తుప్పు పట్టిన లంగరు అన్నాడు. దొర గడ్డాన్ని రాజు పాకీకుంచె అన్నాడు. అన్నవి అన్నట్టు చెప్పినందుకు నాంచారి మీద ఇద్దరూ చేయి ఎత్తారు. ఆమె కదల్లేదు. చివరికి అలిసిపోయి, కొరకొరా చూసుకుంటూ, ఏం కావాలో సూటిగా అడుక్కున్నారు. దిబ్బ ఇచ్చేది లేదని రాజు అన్నాడు. తనకు దీపం పెట్టుకునే చోటు చాలని దొర అన్నాడు. ఏరు సముద్రంలో కలిసేచోట ఎవరికీ పనికిరాని ఇసుకతిన్నె ఉంది, అక్కడ ఏడు, అన్నాడు రాజు. అక్కడే ఏడుస్తాను, అన్నాడు దొర. ఒప్పందం కుదిరింది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు రాజు కొండలయ్య వైపు తిరిగాడు. దొర శాపం ఎందుకు తగిలిందో, ఎవరి తేనెవల్ల తగిలిందో ఆ తిట్లలోనే తేటతెల్లమైపోయింది. రాజు మంత్రిని అడగలేదు, ఎవరినీ అడగలేదు. తోసెయ్యమన్నాడు. రాజమాత తలాడించింది.

నాంచారి తండ్రికి చివరి మాట చెప్పుకోనివ్వమని అడిగింది. రాజు విసుగ్గా చేయి ఊపాడు. ఆమె కొండలయ్య దగ్గరికి వెళ్లింది. తన గుట్టు రట్టు చేసింది కూతురేనని అతనికి అప్పటికే అర్థమైంది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె ఆ మొహాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పుకుని, చెవిలో ఒకే ఒక్క ఇంగ్లీషు పనిమాట చెప్పింది.

"లివ్."

బతుకు అని.

భటులు తోశారు. రాయి బుడుంగుమంది. కాసేపటికి తాడు తెగి, కొండలయ్య దగ్గుతూ పైకి తేలాడు. ఇంకా గట్టి తాడు కట్టి మళ్లీ తోశారు. ఈసారి తిరగలిరాయి నీళ్లలో రెండు ముక్కలైంది. మూడోసారి ఓడ లంగరే కట్టి తోశారు. ఒక పెద్ద అల వచ్చి అతన్నీ లంగరునూ కలిపి తెచ్చి సరిగ్గా రాజుగారి పాదాల ముందు పడేసింది. శాపం పనిచేస్తోంది. పనిమాట చెవిన పడింది, ఆపమనేదాకా అతను చేసి తీరాలి. కొండలయ్యకు మాత్రం ఒళ్లంతా నొప్పులు, ముక్కునిండా ఉప్పునీళ్లు. బతకడమంటే ఇంత కష్టమా అని మూలిగాడు.

దొరకు సంగతి అర్థమై గడ్డంలో గొణుక్కున్నాడు కానీ, తనకు సంబంధం లేదన్నట్టు ఓడవైపు తిరిగాడు. రాజుకూ అర్థమైంది. ఆపే మాట ఏమిటో ఆ రేవులో దొర, కొండలయ్య కాక ఇద్దరికే తెలుసు. ఒకరు నాంచారి. ఇంకొకరు రాజమాత. రాజు తల్లివైపు చూశాడు. జనమంతా చూశారు. నాంచారి చూడలేకపోయింది.

రాజమాత పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి.

"మూడో రోజున నీకు అన్నం పెడుతూ ఆ మాట అనడం మరిచిపోయానురా," అంది కొడుకుతో, ఎప్పటి గట్టి గొంతుతోనే. "ముద్ద అయిపోయింది. నువ్వు నీ వేళ్లు నములుతున్నావు. ఆపమని నేను అరిచాను, తెలుగులో అరిచాను. నీకు వినబడలేదు. ఆ ముక్క గుర్తొచ్చేసరికి నీ బొటనవేలు..." రాజు కట్టు కట్టి ఉన్న తన చేయి చూసుకున్నాడు. "ఆ మాట తలిస్తేనే నీ వేలు గుర్తొస్తుంది, మళ్లీ నా నోటితో అనను. ఆ ముసలాణ్ని నా కళ్ల ముందు నుంచి తీసెయ్యండి. తేనెగాడు."

అలా కొండలయ్య బతికి బయటపడ్డాడు. కొలువులో అతనికి ఇక చోటు లేదు. ఉన్నా ఎవరికీ మంచిది కాదు. ఇంగ్లీషువాళ్ల దగ్గర నిలబడితే వాళ్లు 'జంప్' అంటే ఎగరాలి, 'డాన్స్' అంటే ఆడాలి. అందుకని రేవులోకి ఓడ వస్తే చాలు, అతను చెవుల్లో దూది కుక్కుకుని ఇంట్లో దూరి తలుపు గడియ పెట్టుకునేవాడు.

దుబాసీ పని నాంచారికే ఇచ్చారు, ఇష్టంగా కాదు, ఇంకెవరికీ రాదు గనుక. ఆమె నలభై ఏళ్లపాటు తిట్టును తిట్టుగా, వద్దును వద్దుగా చెప్పింది. సగం కొలువు ఆమెను చూస్తే పళ్లు నూరేది. ఓడల కప్తానులు ఆమెను సూదిపిల్ల అనేవారు. కానీ ఆ నలభై ఏళ్లలో వేలాపురి మీద ఒక్క యుద్ధం రాలేదు. ఎవరు ఏమన్నారో ఎవరికీ అనుమానం లేదు కదా.

కొండలయ్యకు తొంభై దాటాయి. వంద కూడా దాటాయి. పళ్లు పోయాయి, చూపు మందగించింది, నోరు మాత్రం బాగానే ఆడేది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇక అలిసిపోయానన్నాడు. ఆ ఆపే మాట ఒకటి ఉండేది కదా, నాకు నేను అనుకుంటే అది పనిచెయ్యదు, ఎప్పుడైనా అడిగితే నువ్వు అనవే తల్లీ, అన్నాడు.

దీవి నుంచి వచ్చాక ఎవరి దగ్గరా మాట మార్చని నాంచారి, తండ్రి ఒడిలోని ఉత్తరీయం సర్దుతూ తలెత్తకుండా చెప్పింది.

"ఏ మాట నాన్నా? నాకు అలాంటి మాటేదీ గుర్తులేదు."

కొండలయ్య కూతురి వంక చూశాడు. ఆ గొంతులో ఏం కలిసిందో కనిపెట్టలేనివాడు కాదు, తాతలనాటి వృత్తి. నవ్వుకుని, కాస్త మజ్జిగ ఇమ్మని అడిగాడు.

ఆయన మజ్జిగ ఇంకా తాగుతూనే ఉన్నాడని వేలాపురి పిల్లలు చెబుతారు. మనం మాత్రం అటువైపు వెళ్లినప్పుడు ఇంగ్లీషు మాట్లాడకుండా ఉంటే మంచిది.